పేరు చెప్పని మందు

రోజీకి జ్వరం వచ్చిందీ, పోయిందీ నాలుగు రోజుల్లోనే. దగ్గు మాత్రం అడ్వాన్సిచ్చి అద్దెకి దిగినట్టు ఇంట్లో తిష్ఠ వేసుకుంది. ఆ రోజుకి ముప్ఫై మూడో రోజు. ఇది నోటికొచ్చిన లెక్క కాదు. వంటింటి తలుపు వెనక వేలాడే చర్చి క్యాలెండరు మీద పుష్పకుమారి రోజుకో గీత గీస్తూ వచ్చింది. అక్టోబరు కాగితం అయిపోయి, గీతలు నవంబరులోకి పాకాయి.

పగలంతా మూడేళ్ల పిల్ల బాగానే ఉంటుంది. బొమ్మకి నీళ్లు పోస్తుంది, పక్కింటి కోడిని తరుముతుంది, అన్నం తింటుంది. తల్లి పనంతా ముగించుకుని నడుం వాల్చిందంటే చాలు, ఎవరో చెవిలో చెప్పినట్టు మొదలుపెడుతుంది. ముందు చిన్నగా రెండు, తరవాత ఊపిరి తిప్పుకోనివ్వకుండా పది, చివరికి మొహం కందగడ్డలా చేసుకుని, తాగిన పాలన్నీ దుప్పటి మీద కక్కితే గానీ ఆగదు. కక్కేశాక హాయిగా నిద్రపోతుంది. నిద్ర పట్టనిది తల్లికే. దుప్పట్లు ఉతికి ఉతికి ఆవిడ చేతులు పాసిపోయాయి.

కూర్మన్నపాలెం జంక్షను వెనక సందులో వాళ్లది రెండు గదుల అద్దె ఇల్లు. భర్త సుందర్ రాజ్ కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఒక కాంట్రాక్టరు కింద వెల్డరు. ఆ నెలంతా నైట్ షిఫ్టే. పుష్పకుమారి గాజువాకలో ఒక ప్రైవేటు స్కూల్లో రెండో తరగతి పంతులమ్మ. పగటి పూట పిల్లని చూసుకునేది అత్తగారు ఆరోగ్యమ్మ.

దగ్గే పిల్ల చంకలో ఉంటే ఊళ్లో ప్రతివాళ్లూ డాక్టర్లే. బస్సు కండక్టరు టిక్కెట్టు చింపుతూ మిరియాల కషాయం చెప్పాడు. చర్చిలో ఒకావిడ పూజ మధ్యలో వెనక్కి తిరిగి, ఛాతీకి కర్పూరం నూనె రాయమంది. స్కూల్లో పెద్ద టీచరుగారు "కోరింత దగ్గేమోనమ్మా" అని కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, పక్కింటి చిలకమ్మ ఒక్కతీ ఒక ఎత్తు. పొద్దున్న లేస్తే గోడ మీంచి, "ఏటి పుష్పా, నీ కూతురికి ఇంకా తగ్గనేదేటి?" అని పలకరింపు. తగ్గితే వినపడదు కదా, వినపడుతోందంటే తగ్గలేదనే కదా! పుష్పకుమారికి అరికాలి మంట నెత్తికెక్కేది. పైకి మాత్రం "లేదు పిన్నీ" అనేది.

అసలు పొరపాటు ఇరవయ్యో రోజున జరిగింది. ఆ రోజు గాజువాకలో పిల్లల డాక్టరు గురునాథరావు దగ్గరికి వెళ్లారు. మంచి హస్తవాసి అని పేరు. గంటన్నర కూర్చున్నాక వీళ్ల వంతు వచ్చింది. ఆయన రోజీ చొక్కా ఎత్తి, ఊపిరి లెక్కపెట్టి, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. గొంతులోకి టార్చి వేశాడు. చెవులు చూశాడు. అంతా అయ్యాక కలం మూత పెట్టేశాడు.

"నెమ్ము లేదమ్మా. జ్వరం లేదు, ఆయాసం లేదు, పిల్లికూతలు లేవు. వైరస్‌తో వచ్చిన రొంప ఛాతీకి దిగింది. అది పోయింది. లోపల ఊపిరి గొట్టాలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, అవి మానేదాకా దగ్గు ఉంటుంది. మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు."

"మరి మందు సార్?"

"అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్లు తరచుగా తాగించండి. పడుకోబోయే ముందు చెంచాడు తేనె నాకించండి. ఇంట్లో పొగ ఉండకూడదు. సాంబ్రాణి, కుంపటి, మీ ఆయన సిగరెట్టు, ఏదీ వద్దు. దగ్గు ఆపే సిరప్పులు మాత్రం ఈ వయసు పిల్లకి పొయ్యకండి. డొక్కలెగరేసినా, ఊపిరి అందకపోయినా, పెదాలు నీలంగా తిరిగినా, మళ్లీ జ్వరం వచ్చినా, తిండి మానేసినా ఆ నిమిషమే తీసుకురండి. ఇవేవీ లేకుండా దగ్గొక్కటే ఉంటే ఓపిక పట్టండి. ఆరు వారాలు దాటితే ఎక్స్‌రే తీయిద్దాం."

ఓపిక పట్టాలట! ఇరవై రోజులుగా పట్టిందేమిటో మరి! బస్టాపుకి వస్తూ పుష్పకుమారి మొగుడి మీద విరుచుకుపడింది.

"మందుల సీటీ రాయని డాక్టరు డాక్టరేటండీ? గంటన్నర కూకోబెట్టి, నీళ్లు తాగించమని సెప్పడానికి అంత సదువెందుకు? మా స్కూల్లో ఆయా కూడా సెప్తాది ఆ మాట."

"ఆయన సూసిన పిల్లలెంతమందో..." అని సుందర్ రాజ్ ఏదో అనబోయాడు.

"సూసినోళ్లందర్నీ ఇలాగే పంపేసుంటాడు!"

ఆ సాయంత్రమే చిలకమ్మ మాట పట్టుకుని, జంక్షనులో మందుల షాపు నడుపుతూ ఊళ్లో వైద్యం చేసే సన్యాసిరాజు దగ్గరికి వెళ్లింది. సన్యాసిరాజు ఆమె చెప్పింది సగం విన్నాడు, కాగితానికి రెండు వైపులా రాశాడు. ఎర్ర సిరప్పు పూటకో చెంచా, మూడు పూటలు. ఎర్రటి సీసా చేతిలో పడ్డాక గానీ పుష్పకుమారి మనసు కుదుటపడలేదు.

ఆరోగ్యమ్మకి ఎర్ర సీసా మీదా నమ్మకం లేదు, గురునాథరావు మీదా లేదు. ఆవిడ కొంగు ముడిలో ఏదో ఉండేది. మధ్యాహ్నం వేళ సానరాయి తీసి, పాలచుక్క వేసి, నాలుగు రాపులు అరగదీసి పిల్ల నోట్లో పెట్టేది. ఒకసారి పుష్పకుమారి ఇంట్లో ఉండగా ఆ వాసన తగిలింది.

"ఏటి మందత్తమ్మా అది?"

"పేరు సెప్తే మందు పారదే. మా అత్త నాకు సేతిలో పెట్టింది గానీ నోటితో సెప్పనేదు. వాసన సూసి నానే తెలుసుకున్నాను. మీ మామ పోయే ముందు కూడా అడిగాడు, సెప్పనేదు."

పోయే మొగుడికే చెప్పని మనిషి కోడలికి చెబుతుందా! పాలే కదా, ఏదో ఆకో వేరో అయి ఉంటుందని పుష్పకుమారి వదిలేసింది. పాతకాలం మనుషులతో వాదనకి దిగే ఓపిక ఆవిడకి మిగల్లేదు.

ముప్ఫై మూడో రోజున స్కూల్లో ఇన్‌స్పెక్షను. ఉన్న సెలవులన్నీ ఈ దగ్గుకే అయిపోయాయి. ముందు వారంలో ఆరోగ్యమ్మ, పిల్ల కక్కుకుందని రెండుసార్లు స్కూలుకి కబురు పెట్టింది. రెండోసారి పెద్ద టీచరుగారు ఏమీ అనలేదు గానీ, గడియారం కేసి చూశారు. ఇంకొకసారి కబురొస్తే ఇక రావద్దంటారని పుష్పకుమారికి తెలుసు. ఆ పొద్దున్న రోజీ మంచం మీద కూర్చుని దగ్గుతూనే ఉంది. పుష్పకుమారి చీర కుచ్చిళ్లు పెట్టుకుంటోంది. దగ్గు. జడ వేసుకుంటోంది. దగ్గు. చెవిలో జోరీగలా అదే పనిగా దగ్గు. ఆవిడకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, పిల్లని పట్టుకుని కుదిపేయాలనిపించింది. కన్నకూతురి మీద అంత కసి పుట్టినందుకు సిగ్గూ వేసింది. ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు ఈ శబ్దం లేకుండా ఉంటే చాలు ప్రభువా, అనుకుంది. ఎర్ర సీసా తీసి ఒక చెంచా పోసింది. ఒక్క క్షణం ఆగి, రెండోది కూడా పోసింది. సీసా చూరు కింద చెక్క మీద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కింది.

ఇన్‌స్పెక్షను బాగానే జరిగింది. కబురు రాలేదు. సాయంత్రం నాలుగున్నరకి సందు మలుపు తిరుగుతూనే చెవులు రిక్కించింది. రోజూ అక్కడికే వినపడేది. ఆ రోజు లేదు. గుమ్మంలో ఆరోగ్యమ్మ కాళ్లు చాపుకుని, బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మొహం వెలిగిపోతోంది.

"సప్పుడు సెయ్యకు. మద్దేన్నం నుంచీ ఒక్క దగ్గు లేదు. మొద్దులా తొంగుంది. సూసావా నా మందు!"

పుష్పకుమారి చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికి వెళ్లింది. నైట్ షిఫ్టు చేసొచ్చిన సుందర్ రాజ్ ముందు గదిలో చాప మీద నిద్రపోతున్నాడు. లోపల గదిలో రోజీ గోడవైపు తిరిగి పడుకుంది. ఇల్లంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, స్టవ్ మీద నీళ్లు కాగే చప్పుడు వినిపించింది. నెల రోజుల తరవాత వేడి టీ వేడిగా తాగింది. గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది. తన ఎర్ర మందే పనిచేసిందని మనసులో నవ్వుకుంది, అత్తగారికి చెప్పలేదు. ఆ అరగంట ఎంత హాయిగా గడిచిందో తలుచుకుంటే, తరవాత చాలా రోజులు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసేది.

అయిదు దాటాక పాలు కలిపి పిల్లని లేపబోయింది.

"రోజీ, పాలు తాగుదువు లెగమ్మా."

ఉలుకూ పలుకూ లేదు. భుజం పట్టి ఇటు తిప్పింది. చెయ్యి తడిగుడ్డలా జారిపడింది. కనురెప్పలు సగం తెరుచుకుని, మళ్లీ మూతపడ్డాయి. నోటి దగ్గర చెవి పెట్టింది. ఊపిరి వచ్చింది. ఇంకొకటి వస్తుందని చూసింది. రాలేదు. రాలేదు. అప్పుడు వచ్చింది.

"ఏవండీ!" అని ఆవిడ పెట్టిన కేకకి గోడ మీద చిలకమ్మ తల కూడా లేచింది.

జంక్షనులో దొరికిన ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. పిల్ల తల్లి ఒళ్లో ఉంది. సుందర్ రాజ్ అరికాళ్లు రుద్దుతున్నాడు. ఆరోగ్యమ్మ జపమాల తిప్పుతోంది గానీ పెదాలు కదలడం లేదు. నెల రోజులు ఆపు, ఆపు అని అరిచిన ఆ దగ్గు కోసమే పుష్పకుమారి దారంతా చెవి పెట్టి కూర్చుంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా పిల్ల ఒకసారి దగ్గుతుందేమోనని చూసింది. దగ్గలేదు.

గురునాథరావు పిల్లని చేతుల మీద తీసుకెళ్లి, క్లినిక్ వెనక ఉన్న రెండు మంచాల గదిలో పడుకోబెట్టాడు. రెప్ప ఎత్తి టార్చి వేశాడు. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాడు.

"పన్నెండు. ఈ వయసు పిల్లకి ఇరవైకి తగ్గకూడదు." ఆక్సిజన్ మాస్కు ముక్కుకి పెడుతూ తల ఎత్తకుండానే అడిగాడు. "ఏమేం పట్టించారు? ఎంతెంత, ఏ వేళకి? ఒక్కటి దాచినా పిల్లకే నష్టం."

పుష్పకుమారి ముందుగా చెప్పింది. "సన్యాసిరాజు గారిచ్చిన సిరప్పు సార్. పొద్దున్న ఏడింటికి... ఒక చెంచా."

సుందర్ రాజ్ నేల చూస్తూ గొణిగాడు. "నానూ ఇచ్చాను సార్."

"నువ్వేటిచ్చావు?" అంది పుష్పకుమారి.

"డ్యూటీ నుంచి వచ్చాక, తొమ్మిదింటికి. వెల్డింగు పొగకి నా గొంతు పట్టేసినప్పుడు మా ఫోర్‌మేన్ ఒక సిరప్పు కొనుక్కోమన్నాడు. అది తాగితే దగ్గు ఠక్కున ఆగిపోతాది. ఒక మూతడు పట్టించాను. నువ్వు తిడతావని సెప్పనేదు." జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరు సీసా మీది చీటీ చదివి పళ్లు కొరికాడు. "ఇది పెద్దవాళ్లకి, అదీ చూసి వాడాల్సింది. ఇంకా?"

అందరి చూపూ ఆరోగ్యమ్మ మీదికి తిరిగింది. ఆవిడ కొంగు ముడిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"నాను సెప్పను బాబూ. పేరు సెప్తే పారదు. పిల్లకి పారకపోతే..."

పుష్పకుమారికి ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఆవిడ మీదికి దూకి ఆ ముడి లాక్కోవాలనిపించింది. అడుగు ముందుకి వేసింది కూడా. అప్పుడు ముసలావిడ బిగించిన గుప్పిట చూసింది. ఆ ముడిలో దాచిన దానికీ, తన నోట్లో దాచుకున్న దానికీ తేడా ఏముంది? ఈవిడ నియమం కోసం దాస్తోంది. మరి తను?

"సార్, నాను అబద్ధం సెప్పాను," అంది. "ఒక చెంచా కాదు, రెండు పోశాను. నాను స్కూలుకెళ్లాలని, కబురు రాకూడదని పోశాను. ఎవరికీ సెప్పనేదు."

ఆరోగ్యమ్మ కోడలి మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా ముడి విప్పింది. అరిగిపోయిన సగం జాజికాయ అరచేతిలో పడింది.

"జాజికాయ బాబూ. రోజూ నాలుగే రాపులు. ఇయాల పది తీశాను. దీని స్కూల్లో ఇనిస్పెక్షనని, పిల్ల దగ్గకుండా ఉంటే ఇది నిమ్మళంగా పని సేసుకుంటాదని..." మాట పూర్తి కాకుండానే ఆవిడ పక్కనున్న బెంచీ మీద కూలబడి ఏడ్చింది.

డాక్టరు అందరి మీదా ఒకేసారి కోప్పడ్డాడు. "మూడు మత్తులు! ఒకరికి తెలియకుండా ఒకరు! ఒక్క ఇంట్లో ఉంటూ ఒక్క మాట చెప్పుకోలేకపోయారా? దగ్గంటే పిల్ల లోపల ఉన్న కఫాన్ని బయటికి ఊడ్చే చీపురమ్మా. అది లాక్కుని, పిల్లని నిద్రలోకి తోసేశారు. నేను ఆ రోజు ఊరికే చెప్పానా?" గొంతు తగ్గించాడు. "ఇప్పుడు నిద్ర పోనివ్వకూడదు. పిలుస్తూ ఉండండి, పాదం మీద చిటికెలు వెయ్యండి. గంటలో ఊపిరి పెరగకపోతే నా కారులోనే పెద్దాసుపత్రికి పోదాం."

పుష్పకుమారి పిలిచింది. రోజీ అనీ, బంగారం అనీ, దొంగపిల్లా అనీ పిలిచింది. సుందర్ రాజ్ పాదం మీద చిటికెలు వేస్తూ ఏడుస్తున్నాడు. మొగుడు ఏడవడం ఆవిడ పెళ్లయ్యాక చూడలేదు. డాక్టరు పావుగంటకోసారి వచ్చి లెక్కపెట్టాడు. పదమూడు. మళ్లీ పదమూడు. పదహారు. కారు తాళాలు బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ చూపు పిల్ల మీద నుంచి తాళాల మీదికీ, తాళాల మీద నుంచి పిల్ల మీదికీ తిరుగుతూ ఉంది.

ఏడు కొట్టే వేళకి రోజీ మొహం చిట్లించింది. మాస్కుని చేత్తో తోసింది. తరవాత చిన్నగా, ఎక్కడో లోతులోంచి, ఒక్క దగ్గు దగ్గింది.

ముగ్గురూ ఒకేసారి మంచం మీదికి వంగారు.

"దగ్గమ్మా," అంది పుష్పకుమారి. "దగ్గు తల్లీ, ఇంకోటి దగ్గు."

"దగ్గు నాన్నా," అన్నాడు సుందర్ రాజ్.

రోజీ దగ్గింది. ఊపిరి తిప్పుకోకుండా పది దగ్గులు దగ్గి, మొహం కందగడ్డ చేసుకుని, తల్లి ఇన్‌స్పెక్షను చీర మీద కక్కేసి, గుక్కపట్టి ఏడ్చింది. ఆరోగ్యమ్మ నేల మీద మోకాళ్లూని సిలువ గుర్తు వేసుకుంది. డాక్టరు మళ్లీ ఊపిరి లెక్కపెట్టి, తాళాలు జేబులో వేసుకున్నాడు. తెల్లారేదాకా ఇక్కడే ఉంచి చూస్తానన్నాడు.

ఇంటికొచ్చిన రోజునే పుష్పకుమారి రెండు సీసాలూ కాలవలో ఒంపేసింది. సుందర్ రాజ్ సిగరెట్టు కాల్చాలంటే జంక్షను దాకా పోవాల్సిందే. శనివారం తలంటు తరవాత వేసే సాంబ్రాణి పొగ మానేశారు. గోరువెచ్చటి నీళ్లు, రాత్రి పూట తేనె, అంతే. దగ్గు మాత్రం వెంటనే పోలేదు. పుష్పకుమారికి విసుగు రాకుండానూ పోలేదు. దుప్పట్లు ఉతుకుతూనే ఉంది, పళ్లు నూరుకుంటూనే ఉంది. క్యాలెండరు మీద గీతలు గీయడం మాత్రం మానేసింది. అందుకే దగ్గు ఏ రోజు వెళ్లిపోయిందో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. నవంబరు ఆఖర్లో ఒక పొద్దున్న అందరూ నిండా నిద్రపోయి లేచారు, అప్పుడు గమనించారు.

ఆ మర్నాడే గోడ మీంచి చిలకమ్మ తల కనిపించింది. చంకలో రెండేళ్ల మనవరాలు. దానికి వారం నుంచీ దగ్గు.

"పుష్పా, రోజీకి ఏ మందుకి తగ్గిందో సెప్పవా? మా పిల్ల రాత్రంతా సంపేత్తంది."

"ఏ మందుకీ కాదు పిన్నీ. మందులన్నీ ఆపేశాం. దానంతటదే పోయింది. ముందు గాజువాకలో గురునాథరావు గారికి సూపించు. నెమ్ము లేదంటే నీళ్లూ తేనే సాలు."

చిలకమ్మ నవ్వింది. నమ్మలేదని ఆ నవ్వులోనే తెలిసింది. ఆవిడ గుమ్మంలో ఉన్న ఆరోగ్యమ్మ వైపు తిరిగింది. "నువ్వు సెప్పు ఒదినా. కొంగులో ముడేసి తిప్పేదానివి కదేటి?"

పోయే మొగుడికి కూడా చెప్పని ఆరోగ్యమ్మ, వీధంతా వినపడేలా చెప్పింది. "జాజికాయ! అది పట్టించే నా మనవరాలిని సంపుకోబోయాను. నువ్వు పట్టించకు సిలకమ్మా, నీకు దండం పెడతాను."

చిలకమ్మ మొహం ముడుచుకుపోయింది. "సెప్పడం ఇష్టం లేకపోతే లేదనొచ్చు. అసలు మందు దాసుకుని, లేనిపోని పేరు సెప్పి, సంపుకోబోయానంటే ఎవరు నమ్ముతారు? పేరు సెప్తే పారదని నాకు మాత్రం తెలీదేటి?"

పిల్లని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుని, విసవిసా సందులోంచి జంక్షను వైపు నడిచింది. ఆ దారిలో ఉన్నది సన్యాసిరాజు షాపే. పిల్ల అవ్వ భుజం మీద తల పెట్టుకుని దగ్గుతోంది. ఆ దగ్గు మలుపు దాకా వినిపించింది.

"అలా సూస్తావేటే, ఎల్లు!" అంది ఆరోగ్యమ్మ.

పుష్పకుమారి స్కూలుకి పట్టుకెళ్తున్న సుద్దముక్కల డబ్బా గోడ మీద పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా చిలకమ్మ వెనకే పరుగెత్తింది.